దారప్పోగు లేని కోటు

జావ అడుగంటకుండా ఉండాలంటే గరిటె ఊరికే తిప్పితే చాలదు, మధ్యమధ్య గిన్నె అడుగు నుంచి పైకి గీకుతూ ఉండాలి. ఆయా ఎడమ చెయ్యి నడుముకు ఆనించుకుని, కుడి చేత్తో ఆ పనే చేస్తోంది. సోమవారం కదా, పిండి ఇంకో దోసెడు ఎక్కువే పోసింది. ఆదివారం బడి ఉండదు, సోమవారం పిల్లలు మాట్లాడకుండా తింటారు. మంగళవారానికి గాని వాళ్లకు అల్లరి గుర్తుకు రాదు.

"పెద్దమ్మా, ఇవాళ తనిఖీకి వస్తున్నారట," అంది టీచరు వంటగది గుమ్మంలోంచి. చిన్న వయసు. కంగారు పుడితే గోళ్లు కొరుక్కుంటుంది.

"రానీ. ఓ గిన్నెడు జావ తాగి పోతారు."

"నవ్వులాట కాదు. కొత్త రూలు పాటిస్తున్నామో లేదో చూస్తారట."

గరిటె ఆగింది. వెంటనే అడుగు మాడు వాసన లేచింది. ఆయా మళ్లీ గబగబా కలిపింది.

కొత్త రూలు తాలూకు బొమ్మ గది గోడకే అంటించి ఉంది. నవ్వుతున్న తల్లి, చంకలో నవ్వుతున్న పిల్ల, కింద 'పనిచేసే తల్లికి ప్రభుత్వం తోడు' అని పెద్ద అక్షరాలు. ఇకమీదట ఉద్యోగమున్న తల్లుల పిల్లలకే ఈ చిన్న బడిలో చోటు, తిండి. టీచరు అది చదివి వినిపించిన రోజు ఆయా ఒక్కటే అడిగింది.

"పని పోయినామె పిల్లకు ఆకలి కూడా పోతుందా?"

టీచరు గోరు కొరుక్కుంది.

ఆయా ఈ బడికి పని కోసం రాలేదు. కొడుకును దింపడానికి వచ్చింది. ఆ పూట వంటమనిషి రాక, "కాస్త గరిటె పట్టమ్మా" అన్నారు. పట్టిన గరిటె మళ్లీ దించలేదు. కొడుకు ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని, ఇక్కడే అక్షరాలు దిద్దుకుని ఎదిగి, ఇప్పుడు సామాన్ల బండి తోలుతున్నాడు. మొగుడు పోయిన వారంలోనే ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే ఏడుపు, ఇక్కడైతే ముక్కులు తుడవడం. పిల్లలకు ఆమె జావమ్మ. సంతలో మీసాలొచ్చిన కుర్రాడెవడో "జావమ్మా!" అని కేకేస్తే సిగ్గుపడి తల దించుకుంటుంది గాని, ఇంటిదాకా నవ్వుకుంటూనే వెళ్తుంది. ఆ రోజుల్లో నీకు ఉద్యోగముందా అని ఆమెను ఎవరూ అడగలేదు. గేటు దాటి వచ్చిన పిల్లలంతా బడి పిల్లలే.

జావ దించి, చేతులు తుడుచుకుని గేటు దగ్గరికి నడిచింది. పొద్దున్నే అక్కడ నిలబడి పిల్లల గోళ్లు, చెవులు, తలలు చూడడం ఆమె పని. తల్లులు టీచరు కన్నా ఆమెకే ఎక్కువ భయపడతారు.

"ఏమ్మా, వీడి గోళ్లతో పొలం దున్నిస్తావా?"

"సాయంత్రం తీస్తా జావమ్మా."

"మొన్నా సాయంత్రమే అన్నావు. రోజుకెన్ని సాయంత్రాలే నీకు?"

అంతలో నసపిట్ట వచ్చింది. ఆ పిల్లకు ఆ పేరు ఆయాయే పెట్టింది. నోరు తెరిస్తే ప్రశ్నే. చెయ్యి పట్టుకున్న తల్లి ఒంటిమీద బట్టల ఫ్యాక్టరీ నీలం కోటు ఉంది. ఫ్యాక్టరీవాళ్లు ఆమె పనిచేసే విభాగం మూసేసిన రోజు, ఇదే గేటు పట్టుకుని ఏడ్చింది. "ఏడవకే. కోటు ఉందిగా? రోజూ అదే తగిలించుకుని రా. నిన్నెవరు తవ్వి చూస్తారు?" అని ఉపాయం చెప్పింది ఆయాయే. అప్పటినుంచి ఆమె కోటుతో వచ్చి పిల్లను దింపి, మలుపు తిరిగాక కోటు విప్పి సంచిలో పెట్టుకుని పని వెతుక్కుంటూ తిరుగుతోంది.

ఇవాళ కోటు ఉతికి, మడతలు కత్తిలా నిలిచేలా ఇస్త్రీ చేసి ఉంది. ఆయా మురిసిపోయింది. కాలరు సర్ది, "ఇదీ పద్ధతి. చూసి నేర్చుకోండి," అంది మిగతా తల్లులతో.

తనిఖీ మేడమ్ అప్పటికే గేటు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటోంది. అదే ఫ్యాక్టరీ కోటుతో ఇంకో తల్లి పరుగున వచ్చింది. భుజాల మీద నూనె మరక, జుట్టులో దారాలు. "జావమ్మా, చూసుకో!" అని కొడుకును లోపలికి నెట్టి, వచ్చిన దారినే పరుగెత్తింది. మేడమ్ ఆమె వెళ్లినవైపు చూసి, నసపిట్ట తల్లి వైపు తిరిగింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"కుట్టు పనండి. ఫ్యాక్టరీలో."

మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. "మా అక్కదీ అదే పని. ఎంత దులిపినా దారప్పోగులు వదిలేవి కావు. అన్నంలో కూడా వచ్చేవి. నీ కోటు మీద ఒక్కటీ లేదు."

"రాత్రే ఉతికానండి."

"పని పోయి ఎన్నాళ్లైంది?"

ఆ గొంతులో కోపం లేదు. అందుకే తల్లికి బొంకడం చేతకాలేదు.

"వెతుక్కుంటున్నానండి."

"దొరికాక తీసుకురా. చోటు ఇస్తారు."

"పిల్లను ఎక్కడ పెట్టి వెతకమంటారండీ? చంకనేసుకుని వెళ్తే వాకిట్లోంచే పొమ్మంటున్నారు."

ఆయా ముందుకు వచ్చింది.

"తప్పు నాదమ్మా. కోటు వేసుకు రమ్మంది నేనే, శుభ్రంగా రమ్మందీ నేనే. నన్ను మాన్పించండి. పిల్లను ఉండనివ్వండి."

"నిన్ను మాన్పిస్తే నీ చోటు పిల్లకు ఇవ్వరు పెద్దమ్మా." మేడమ్ గొంతు తగ్గించింది. "నేను చూడనట్టు పోతే నా వెనక ఇంకొకరు వస్తారు. వాళ్లు బడికే తాళం వేసి పోతారు. ఇవాళ్టికి ఉండనీ. తిని, పడుకుని లేచాక పంపండి."

తల్లి కోటు విప్పి, గేటు బయట గోడకు చేరగిలబడి కూర్చుంది.

నసపిట్ట ఆయా పక్కనే కూర్చుని గిన్నె ఖాళీ చేసింది.

"జావమ్మా, జావకి కాళ్లుంటాయా?"

"లేవే."

"మరి కడుపులోకి ఎలా వెళ్తుంది?"

"జారుడుబండ మీద పోయినట్టు."

పిల్ల నవ్వలేదు. "రేపు కూడా జావ ఉంటుందా?"

"ఉంటుంది," అంది ఆయా. అది అబద్ధం కాదు. రేపూ పొయ్యి వెలుగుతుంది, గరిటె తిరుగుతుంది.

మధ్యాహ్నం పిల్లలను వరసగా పడుకోబెట్టి జోకొట్టింది. లేపేటప్పుడు నసపిట్టను చిట్టచివరికి వదిలేసింది. అందరూ లేచి, మొహాలు కడుక్కుని, పాటలు పాడుతున్నా ఆ పిల్ల నిద్రపోతూనే ఉంది. ఇక ఆపలేక ఆయా గేటు దగ్గరికి వెళ్లి తల్లిని పిలిచింది.

"లేపకు. అలాగే ఎత్తుకు పో."

తల్లి వంగి పిల్లను భుజానికెత్తుకుంది. బుగ్గ మీద చాప గీతలు పడి ఉన్నాయి.

"నీకేం మాట రాదు కదా జావమ్మా?"

"ముసలిదాన్ని, నాకేం వస్తుందే. జాగ్రత్త, మెట్టుంది."

గేటు గడియ పడింది. లోపల టీచరు పాట ఒక చరణం తప్పి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఆయా చాపలు చుట్టడం మొదలుపెట్టింది. చివరి చాప చేతికి తడిగా తగిలింది. నసపిట్ట పక్క తడపడం మానేసి చాలా కాలమైంది. ఈ బడిలో తెలివొచ్చిన పిల్లలు పక్క తడిపేది భయపడితేనే. అంటే గేటు దగ్గర మాటలన్నీ విన్నది. విని, అర్థం చేసుకుని, జావ గురించి అడిగింది.

ఆయా బాల్చీ నింపి, బ్రష్షు అందుకుని పెరట్లోకి వచ్చింది. మరక కనిపిస్తే కడిగేదాకా ఊరుకోని మనిషి, ఇవాళ బాల్చీ పక్కన పెట్టి, చాపను కడగకుండానే గోడ మీద పరిచింది. గాలికి కొస లేచి పడుతోంది. నడుమ చిన్న తడి మచ్చ, ఎండ తగిలి అంచుల నుంచి మెల్లగా ఆరుతోంది.