సున్నా బై సున్నా

కత్తెర ఆకు మీద తిరుగుతూనే ఉంది గానీ ఐలవ్వ చూపు ఆకు మీద లేదు. గడప పక్కన కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి మంచం వైపే చూస్తోంది. మంచం మీద వందన గోడకు ఆనుకుని పుస్తకం పట్టుకుని ఉంది. చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

తడిపిన తునికాకును కత్తిరించి, ఈనె తీసి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి దారం కట్టడానికి ఐలవ్వకు కళ్లతో పనిలేదు. లంగా జాకెట్టు వేసుకునే వయసులోనే బీడీల చేట ఒళ్లోకి వచ్చింది. బడి అప్పుడే పోయింది. వేళ్ల కొసలు పసుపుబారి, మెడ ముందుకు వంగి, ఛాతీలో సన్నని పిల్లికూత చేరింది. భర్త మల్లన్న దుబాయిలో బిల్డింగులు తుడుస్తాడు. రెండేళ్లకోసారి వచ్చి, పరాయింటికి వచ్చినవాడిలా కొన్నాళ్లు మెదిలి పోతాడు. ధర్మపురికి దగ్గరలోని ఆ ఊళ్లో ఆమెను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునేవాళ్లు లేరు. బీడీలు చుట్టే ఆడవాళ్లలో ఆమె ఒకతె. దేనికైనా బెదిరిందని మాత్రం ఎవరూ అనరు. ఇంట్లోకి పాము వస్తే కట్టె తీసుకున్నది ఆమే.

ఆమెకు భయం మొదలైంది పోయిన నెలలోనే. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు వందన లెక్కల్లో తప్పింది. వెనక వాడకట్టు వినోద కూడా తప్పింది. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని కాలేజీకి పోయేవాళ్లు. మర్నాడు తెల్లారేసరికి వినోద ప్రాణాలతో లేదు. వందన ఏడవలేదు. ఆ ఇంటికి వెళ్లి ఒక మూల నిలబడి, తిరిగి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడం చూసినప్పటి నుంచి ఐలవ్వ బిడ్డను ఒంటరిగా వదల్లేదు.

ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాను అదే రోజు తీసుకుపోయి ఊరి బయట పాతేసింది. రాత్రిళ్లు గడపకు అడ్డంగా పడుకుంటోంది. బిడ్డ స్నానానికి వెళ్తే బయట ఏదో పని ఉన్నట్టు నిలబడి నీళ్ల చప్పుడు వింటుంది. చప్పుడు ఆగితే, "సబ్బు దొరికిందా బిడ్డా" అని అడుగుతుంది. ఇదేదీ బిడ్డ కనిపెట్టలేదని ఆమె నమ్మకం.

తప్పిన ఆ పరీక్షే ఇవాళ మళ్లీ, జగిత్యాలలో.

ఐలవ్వ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. "ఏందది, గంత సేపటి సంది గదే చూస్తున్నవు?"

"నీకు తెల్వదవ్వా."

"తెల్వది. చెప్తే వింట."

వందన పుస్తకం ఆమె వైపు తిప్పింది. "లిమిట్స్. గీ ఎక్స్ మూడు దగ్గరికి పోతున్నదట. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది, కింద ఎక్స్ మైనస్ మూడు. మూడు పెట్టి చూస్తే పైన సున్నా, కింద గూడ సున్నా. సున్నా బై సున్నా. గది కనవడంగనే నా చెయ్యి ఆడది. మొన్న పరీక్షల ఒకదానికి సున్నా అని రాసిన. ఇంకోదానికి ఒకటి అని రాసిన. వినోద అయితే మొత్తానికే ఇడిచిపెట్టింది."

ఆ పేరు బిడ్డ నోటివెంట రావడం ఈ నెలలో ఇదే మొదలు. ఐలవ్వ మంచం కోడు గట్టిగా పట్టుకుంది. ఏం మాట్లాడితే ఏమవుతుందో తెలియలేదు. మాట్లాడకపోతే ఇంకా భయం.

"సున్నా వస్తే అయిపోయినట్టేనా?"

"కాదు. గది జవాబే కాదన్నడు సారు. ఇంకా తేలలేదన్నట్టు. పైదాన్ని ఇడగొట్టాలె. ఎక్స్ మైనస్ మూడు, ఎక్స్ ప్లస్ మూడు అయితది. ఎక్స్ మైనస్ మూడు పైనుంటది, కిందుంటది. రెండూ కొట్టేస్తే ఎక్స్ ప్లస్ మూడు మిగుల్తది. మూడు పెడితే ఆరు."

"ఆకుకు ఈనె తీసినట్టు."

"గట్ల గాదవ్వా." వందన నవ్వబోయి ఆగింది. "కని, గా కొట్టేసేది సున్నానే గదా. సున్నాను సున్నాతోటి ఎట్ల కొట్టేస్తం? గక్కడనే నాకు బుగులైతది."

ఐలవ్వ బిడ్డ ముఖంలోకి చూస్తూ కూర్చుంది. వందన వేలు అచ్చు మీద మెల్లగా జరిగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"దగ్గరికి పోతది," అంది తనలో తాను. "మూడు కాదు. దగ్గరికే పోతది. మూడు కానప్పుడు అది సున్నా కాదు. అందుకే కొట్టెయ్యొచ్చు."

పేజీ తిప్పింది.

ఐలవ్వ బయటికి వచ్చి నీళ్ల గోళెం దగ్గర నిలబడి ధర్మపురి నరసింహస్వామి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించింది. బిడ్డ పరీక్ష రాసి బయటికి వచ్చేదాకా ఒక్కపొద్దు. మెతుకు ముట్టదు, నీళ్లు కూడా తాగదు. ఎవరికీ చెప్పలేదు.

బస్సు ఆలస్యంగా వచ్చింది. కాలేజీ గేటు మూసిన తర్వాత ఒక్క నిమిషానికి కూడా రానివ్వరని వందన చెప్పినప్పటి నుంచి ఐలవ్వ డ్రైవరు వీపు వైపే చూస్తూ నిలబడింది. ప్రతి స్టేజీలో ఎక్కే మనిషి మీదా కోపం వచ్చింది. జగిత్యాలలో దిగాక ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. గేటు ఇంకా తెరిచే ఉంది.

"నువ్వు ఇంటికి పోరాదవ్వా. నేను వస్త."

"గీ గోడ కాన్నే ఉంట. ఫికర్ చెయ్యకు. జర నిమ్మళంగ రాయి."

వందన చున్నీ గుంపులో కలిసిపోయింది. గేటు మూసుకుంది.

పిల్లల వెంట వచ్చినవాళ్లు రోడ్డు దాటి దుకాణాల రేకుల కిందికి చేరారు. ఐలవ్వ పోలేదు. పక్కసందులో ఇంకో గేటు ఉందని, పరీక్ష అయ్యాక కొందరిని అటు నుంచి కూడా పంపుతారని ఎవరో అన్నారు. బిడ్డ అటు నుంచి ఒంటరిగా వెళ్లిపోతే? కాలేజీ గోడ మలుపు దగ్గర నిలబడితే రెండు గేట్లూ కనిపిస్తున్నాయి. అక్కడ నీడ లేదు.

ఎండ ముదిరింది. లోపల ఎక్కడో విజిల్ వినిపించింది. ఎవరో పిల్ల పడిపోయిందేమోనని ఐలవ్వ గేటు దాకా ఉరికింది. కావలి మనిషి, "ఏం లేదమ్మా, పో" అన్నాడు. తిరిగి మలుపు దగ్గరికి వచ్చింది. కాసేపటికి రోడ్డు మీద అంబులెన్స్ కూత వినిపించింది. అది ఎటు పోతుందో తేలేదాకా ఊపిరి తీసుకోలేదు. ఇప్పుడు ఆ సున్నాల దగ్గరికి వచ్చి ఉంటుందా? చెయ్యి ఆగిపోయిందా? ఆగిపోతే ఏం ఆలోచిస్తుంది? ఆ ఆలోచనను అక్కడే తుంచేయాలని చూసింది. అది తెగలేదు.

మలుపుకు కొంచెం అవతల పెద్ద గొడుగు కింద చంద్రవ్వ అనే ముసలామె తాటిముంజలు అమ్ముతోంది. చాలాసేపటి నుంచి ఐలవ్వను గమనిస్తోంది.

"గా ఎండల ఎందుకు చెల్లె? ఇటు గొడుగు కిందికి రా."

"ఈడికెళ్లి రెండు గేట్లు కనవడ్తున్నయక్కా."

"నీళ్లన్న తాగు." చంద్రవ్వ చెంబు ఎత్తి చూపింది.

"ఒక్కపొద్దున్న. నా బిడ్డ రాసి రావాలె."

"నీళ్లకేం ఒక్కపొద్దే? దేవుడు ఒద్దన్నడా?"

ఐలవ్వ తల అడ్డంగా ఊపింది. చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. నుదుటి లోపల ఎవరో రోకటితో దంచుతున్నారు. ముంజల మీద చూపు పడింది. పొద్దున బిడ్డ ఏమీ తినలేదు.

"లేతయి కట్టు అక్కా. బిడ్డకు."

చంద్రవ్వ ఏరి ఏరి మోదుగాకుల్లో చుట్టి, నారతో కట్టి ఇచ్చింది. పొట్లం చల్లగా, తడిగా ఉంది. ఐలవ్వ దాన్ని చెంపకు ఆనించుకోబోయి, బిడ్డకు తీసుకున్నది గదా అని ఆగి, గోడ మొదట్లో సన్నగా పడిన నీడలో పెట్టింది. తానూ దాని పక్కన కూర్చుంది. రెండు గేట్లు మూడైనట్టు కనిపించాయి. ఎండలో చలి పుట్టింది. కొంగు తలమీద కప్పుకుని గోడకు ఆనుకుంది. గేటు మీద నుంచి మాత్రం చూపు తీయలేదు.

పొడుగు గంట మోగింది. పిల్లలు గుంపుగా బయటపడ్డారు.

వందన పెద్ద గేటు నుంచే వచ్చింది. మలుపు దగ్గర తల్లి కొంగు గుర్తుపట్టి గబగబా వచ్చి పక్కన కూర్చుంది.

"అవ్వా, గదే వచ్చింది. మూడుకు బదులు రెండిచ్చిండ్రు. చెయ్యి ఆగలే. ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ గూడ వచ్చింది. అన్నిట్ల పెద్ద పవర్ ఏదో చూసి పైనా కిందా దాంతోటి భాగించిన. మూడో ప్రశ్నే జర పరేషాన్ చేసింది." పరీక్ష అట్టతో ముఖానికి విసురుకుంటూ ఆగింది. "వినోదకు చూపెట్టాలనిపించిందవ్వా. ఏడుపొచ్చింది. కని రాసిన."

కొంగు కింద ఐలవ్వ తల గోడకు ఆనుకునే ఉంది.

"అవ్వా, పండుకున్నవా?"

వందన ఆమె మోచెయ్యి పట్టుకుంది. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. తడి లేదు. కొంగు జరిగింది. కళ్లు సగం తెరిచి గేటు వైపే ఉన్నాయి. పెదవులు ఎండి తెల్లబారాయి.

చంద్రవ్వ చెంబు పట్టుకుని ఉరికి వచ్చింది. తల మీద, ఛాతీ మీద నీళ్లు పోసింది. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. వందన అరవలేదు. తల్లి చెయ్యి వదలకుండా, "కండ్లు తెరువవ్వా, నేను మంచిగనే రాసిన" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. బండిలోకి ఎక్కించాక లోపలి మనిషి నాడి పట్టుకుని చూసి, వందన వైపు చూడకుండా తలుపు వేశాడు. అంతకు ముందు, తల్లి వెంట బండి ఎక్కబోతూ వందన చంద్రవ్వను అడిగింది.

"నీళ్లు దొరకలేదా అవ్వకు?"

చంద్రవ్వకు తెలుసు. చెప్పలేదు. "ఎండ, బిడ్డా. ఎండ కొట్టింది" అంది.

బండి పోయింది. మనుషులు చెదిరిపోయారు. చంద్రవ్వ చెంబు తీసుకుని గొడుగు కిందికి వచ్చి కూర్చుంది గానీ ఆ మధ్యాహ్నం ఎవరినీ బేరానికి పిలవలేదు.

గోడ మొదట్లో మోదుగాకు పొట్లం అలాగే ఉంది. ఆకుల అంచులు ఎండకు ముడుచుకుపోతున్నాయి. కట్టిన నార కింది నుంచి ముంజల నీరు ఒక్కొక్క చుక్కా కారుతూ దుమ్ములో చిన్న తడి మచ్చ చేస్తోంది.