మూతలో అతికించిన స్పాంజి

పాత టేపురికార్డర్లు, మైకులు, స్పీకర్లు కొని అమ్మే ఆ వ్యాపారి లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. పెట్టె ఉన్నవి, పెట్టె లేనివి. పెట్టె ఉన్నదాన్ని జనం గౌరవంగా కొంటారు, లేనిదాన్ని జాలిపడి కొంటారు. ఈ లెక్క దుకాణం గడప దాటనంతకాలం ఎవరికీ నష్టం లేకపోయింది. ఇంటికి చేరాక రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు, సోఫాకు ముసుగు, గొడుగు తడవకుండా ఒక సంచీ తయారయ్యాయి. కొత్త చెప్పుల్ని డబ్బాలో ఎంతకాలం దాచారంటే, చివరికి తొడుక్కుని వీధిలో నడిస్తే సగం దూరంలోనే అడుగు అట్టలు రెండూ ఊడిపోయాయి. వట్టి కాళ్లతో తిరిగొచ్చిన మనిషిని చూసి, "మీరొక్కరే వచ్చారేం? చెప్పులు మెల్లగా నడిచొస్తున్నాయా?" అంది భార్య.

ఆ రోజు పొద్దున ఆమె దుకాణం వెనక గదిలోకి వచ్చి తన మైకు ఇమ్మని అడిగింది. ఒకప్పుడు ఆమె రేడియోలో కథలు చదివేది. ఆ సంపాదనతోనే మంచి మైకు ఒకటి కొనుక్కుంది. రేడియో పని ఆగిపోయాక, "నా దగ్గరైతే పదిలంగా ఉంటుంది" అని ఆయనే దాన్ని దుకాణం బీరువాలో పెట్టారు. ఇన్నేళ్లకు ఒక ప్రచురణకర్త నవలను చదివి రికార్డు చేసే మనిషి కోసం వెతుకుతూ, ఆమెను నమూనాగా మొదటి అధ్యాయం సాయంత్రంలోగా పంపమన్నాడు.

"ఇక్కడ ఇన్ని మైకులుండగా అదే ఎందుకు?" అన్నారాయన.

"నిన్న మీ మైకులన్నిట్లో చదివి చూశాను. అన్నిట్లోనూ నాకు జలుబు చేసినట్టే ఉంది. నాది నాకివ్వండి. ఇది గనక జారిపోతే మళ్లీ నన్నెవరూ పిలవరు."

"నీ మైకుకు గాలి కూడా సోకనివ్వలేదు తెలుసా!" అంటూ ఆయన పెట్టెను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు.

బల్లకు అటువైపు కూర్చుని స్పీకరు బాగుచేస్తున్న ఆమె తమ్ముడు తలెత్తాడు. దుకాణంలో మరమ్మతులన్నీ అతనివే. "గాలి సోకని వస్తువుల సంగతి ఆ చెప్పులు చెప్పాయి కదా బావగారూ!"

"నోరు మూసుకుని నీ పని చూసుకోవయ్యా."

గొళ్లేలు తీశారు. మూత రాలేదు. గట్టిగా లాగితే వచ్చింది గానీ ఒంటరిగా రాలేదు. నల్లటి బంక తీగలు తీగలుగా సాగుతూ వచ్చింది. మూతలోని స్పాంజి కరిగి, వెండిలా మెరవాల్సిన మైకు తల తారులో ముంచి తీసినట్టుంది. జాలీ కన్నాలన్నీ పూడిపోయాయి.

ఆమె వేలితో ఒక బంక తీగను తెంపి చూసింది. "గాలి మాత్రం సోకలేదు లెండి" అంది మెల్లగా. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకు.

చేతికందిన థిన్నరు డబ్బా, ఒక పాత గుడ్డ లాక్కున్నారు. బావమరిది చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యో బావగారూ! అది పోస్తే బంకతో పాటు మైకు కూడా శుభ్రంగా పోతుంది. స్పాంజి పాతబడితే ఇంతే. బయట అంటింది కడుక్కోవచ్చు. లోపల ఉల్లిపొర కంటే పలచని రేకు ఉంటుంది, గొంతు పట్టేది అదే. దాన్ని బంక తాకినా పోయినట్టే, తడి తాకినా పోయినట్టే. లోపలికి ఎంత దిగిందో చూడాలి."

మైకును తలకిందులుగా పట్టుకున్నాడు, రాలేది ఏదైనా లోపలికి పోకుండా బల్ల మీదే పడాలని. బుల్లి స్క్రూలు విప్పి జాలీని మెల్లగా ఊడదీసి బావ చేతిలో పెట్టాడు. "ఇది మీ వంతు. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, పాత బ్రష్షు. లోపలి జోలికి మాత్రం రాకండి."

"మంచి పని అప్పజెప్పావురా తమ్ముడూ" అంది ఆమె. "ఇంట్లో గ్లాసు కడగమంటే నడుం పట్టేసే మనిషి!"

ఆయన మారుమాట్లాడకుండా తొట్టి దగ్గర కూర్చుని తోమారు. ఇలాంటప్పుడు ఒక్క మాట అంటే దానికి వడ్డీ జీవితాంతం కట్టాలని ఆయనకు అనుభవమే. జాలీ తెల్లబడ్డాక, మైకు ఒంటిని తుడిచే పని కూడా దొరికింది. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, పిండేసి, రుద్దకుండా దొర్లించాలి. నల్లబడితే పారేయాలి. ఆయనకు పారేయడానికి మనసొప్పలేదు.

"ఈ మూల ఇంకా తెల్లగానే ఉందయ్యా."

"ఆ మూల ఆదా చేయబోయి తుడిచిన బంకంతా మళ్లీ దానికే పూస్తున్నారు."

ఆమె ఖాళీ పెట్టెను తిప్పి చూస్తోంది. "నేను దీన్ని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి ఇచ్చాను. ఆ గుడ్డ ఏదీ?"

ఆయన పుల్లను మరీ శ్రద్ధగా దొర్లించసాగారు.

బావమరిది పెట్టెలోకి తొంగి చూశాడు. "పెట్టె చేసినవాళ్లు అడుగున మఖమలు వేశారక్కా, అది ఇప్పటికీ బాగానే ఉంది. మూతలో స్పాంజి మాత్రం ఎవరో కత్తిరించి అతికించారు." ఆ 'ఎవరో'ను బాగా సాగదీశాడు.

"మన సోఫా దిండ్లలో మిగిలిన స్పాంజి రంగే ఇది" అంది ఆమె.

"ఆ గుడ్డ వంటింటి మసిగుడ్డలా ఉండేది" అన్నారాయన తల దించుకుని. "మైకు కదలకుండా ఉంటుందని..."

"కదల్లేదు. ఆ మాట నిజమే."

బావమరిది భూతద్దం పెట్టి లోపలికి చూసి గంభీరంగా అయ్యాడు. రేకు అంచు మీద రెండు నలుసులు కూర్చున్నాయి. పొడి బ్రష్షుతో ఒకదాన్ని తాకితే తెల్లకాగితం మీద రాలింది. రెండోది అతుక్కుపోయింది. సాయం చేద్దామని వ్యాపారి ముందుకు వంగి ఉఫ్ మని ఊదబోయారు. భార్య అరచెయ్యి వచ్చి ఆయన నోటిని మూసేసింది.

"గాలి సోకకూడదన్నారుగా!"

ఆమె చూపు మాత్రం ఆ నలుసు మీదే ఉంది. అప్పుడు గానీ ఆయనకు నష్టం మొత్తం తెలిసిరాలేదు. ఇలాంటి మైకు ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతుంది. ఇది బీరువాలో ఉన్న ఇన్నేళ్లలో ఈ మనిషి చదవని కథలు మాత్రం ఏ బజారులోనూ దొరకవు.

బావమరిది పంటిపుల్ల కొసకు రవ్వంత బంక చుట్టి, రేకుకు తగలనివ్వకుండా దాన్ని నలుసుకు ఆనించి ఆనించనట్టు ఆనించాడు. నలుసు పుల్లతో పాటు లేచి వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

జాలీ ఆరాక బిగించారు. వ్యాపారి ఇంట్లోకి వెళ్లి కవరు విప్పని చొక్కా ఒకటి తెచ్చి భార్యకిచ్చారు. ఎప్పుడో కొని, గుండుసూదులు కూడా తీయకుండా దాచింది. "నూలుదే. గుడ్డ పోయిందిగా, ఇక దీన్ని చుట్టి పెట్టుకో."

"చొక్కా మీరు తొడుక్కోండి, మైకు నేను వాడుకుంటాను. చుట్టి పెట్టడాలు ఇక చాలు."

తొడుక్కున్నారు. గంజికి మెడ అట్టలా నిలబడింది. మడతలు కిటికీ చువ్వల్లా తేలాయి. ఆయన మూల స్టూలు మీద కూర్చోగానే ఆమె చదవడం మొదలుపెట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న తమ్ముడు కాసేపటికి చెయ్యెత్తి ఆపాడు.

వ్యాపారి స్టూలు మీంచి సగం లేచారు. "పోయిందా?"

"గొంతు అప్పటిలాగే ఉందక్కా. కానీ వాక్యం చివర ఎవరో కొత్త కాగితం నలుపుతున్నారు."

వినిపించాడు. ఆమె ఆగిన ప్రతిచోటా కరకరమంటోంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన నుదుటి చెమట తుడుచుకోబోయారు. చొక్కా చెయ్యి కరకరమంది.

పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె పకపకా నవ్వింది. "గది మూలనున్న మడత కూడా వినబడుతోందంటే నా మైకు బతికినట్టే. మీరు మాత్రం ఆ చొక్కాను తీసుకుని బయటికి దయచేయండి."

దుకాణం ముందు గదిలో ఆయన బొమ్మలా కూర్చున్నారు. తలుపు సందులోంచి ఆమె గొంతు ఎక్కడా ఆగకుండా వస్తోంది. ఇంతలో ఒకాయన వచ్చి పాత టేపురికార్డరు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. వ్యాపారి గొంతు పెంచకుండా ధర చెప్పారు.

"దీనికి పెట్టె లేదా?"

"లేదు" అన్నారాయన గుసగుసగా. "ఉన్నా ఇవ్వను."

కొంతసేపటికి బావమరిది తలుపు తీశాడు. "పంపించేశాం బావగారూ. ఇక కదలండి."

ఆయన లేచి, చొక్కా కరకరలాడిస్తూ ఒళ్లు విరుచుకున్నారు.