పెన్సిల్ రాత

పొద్దున్నే తెల్లకోటు ఇస్త్రీ చేస్తోందామె. తనది కాదు, భర్తది. తన కోటు నలిగినా అడిగేవాళ్లు లేరు. ఇద్దరూ ఒకే కాలేజీలో పిల్లల వైద్యం చదివారు, మార్కులు ఆమెకే ఎక్కువ. ఆ ముక్క ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఈమధ్య ఆమెకీ గుర్తు రావడం లేదు. క్లినిక్ బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. రెండో పేరుకి చోటు చాలలేదట. "మా వాడికి చేదోడువాదోడుగా ఉంటుందిలే" అని అత్తగారు వచ్చినవాళ్లకి చెబుతుంటుంది, ఇంట్లో కొత్త మిక్సీ గురించి చెప్పినట్టు.

పదకొండేళ్లుగా పద్ధతి ఒకటే. పిల్లల్ని ముందు ఆమె చూసి చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి. ఆయన దాని మీదే పెన్నుతో దిద్ది సంతకం పెడతాడు, నచ్చనిది రబ్బరుతో చెరిపేస్తాడు. ఒకే క్లినిక్‌లో రెండు మాటలు వినిపిస్తే జనం బెదిరిపోతారని ఆయన వాదన.

ఆ రోజు మూడు వారాల బిడ్డతో ఓ తల్లి వచ్చింది. కిందటి వారం తను చుట్టాలకి వండి వడ్డిస్తూ ఇంట్లో ఉండిపోయినప్పుడు ఆయనొక్కడే చూసిన బిడ్డ. చీటీ మీద ఆయన రాత: తల్లిపాలు చాలడం లేదు.

"తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేస్తాడండీ. తలంతా చెమట. మా అత్తగారు నాదే తప్పంటున్నారు" అంది ఆ తల్లి, నేలచూపులు చూస్తూ.

అది వింటూ ఆమె టీ గ్లాసు చుట్టూ చేతులు చుట్టి వెచ్చబెట్టుకుంది. చల్లటి చెయ్యి తగిలితే పసివాళ్లు ఏడుస్తారు, ఏడిచే బిడ్డ దగ్గర ఏమీ తెలియదు. గుడ్డలన్నీ విప్పించి ఊపిరి నిమిషంపాటు లెక్కపెట్టింది. డెబ్భై, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. పక్కటెముకల కింద కాలేయం ఉబ్బి మూడు వేళ్ల మేర తగిలింది. స్టెతస్కోపు పెడితే గుండెలో అదనపు చప్పుడేం లేదు. ఆయన ఇక్కడే ఆగి ఉంటాడు. చప్పుడు లేకపోతే గుండె బాగున్నట్టే ఆయనకి. ఆమె బిడ్డ మోచేతి మడతలో నాడి పట్టుకుంది, గట్టిగా కొట్టుకుంటోంది. గజ్జల్లో వెతికింది. కుడివైపు లేదు. ఎడమవైపు లేదు. మళ్లీ వెతికింది. ఒంటి కింది భాగానికి రక్తం వెళ్లే దారి ఎక్కడో ఇరుకైపోయింది. ఇవాళే పెద్దాసుపత్రికి చేరకపోతే ఈ బిడ్డ దక్కడు.

"ఇంకా ఎంతసేపు? బయట జనం ఉన్నారు" అని పక్కగదిలోంచి ఆయన కేకేశాడు.

ఆమెకి కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. ఆయన బల్ల దగ్గరికెళ్లి పెన్ను తీసుకొచ్చింది. ఆయన రాసిన వాక్యాన్ని కొట్టేసి, గజ్జల్లో నాడి అందడం లేదు, గుండె డాక్టరు వెంటనే చూడాలి అని రాసింది. కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. ఆసుపత్రికి ఫోన్ చేసి బిడ్డ వస్తున్నాడని చెప్పి, అంబులెన్సు పంపమంది.

"నీ పాలకేం లోటు లేదమ్మా. వాడి గుండే అలిసిపోతోంది" అంది. ఆ తల్లి ఏడ్చింది, భయంతోనూ, కాస్త ఊరటతోనూ.

ఆయన వచ్చి చీటీ చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"పెన్నుతో రాశావేంటి?"

"చెరపడానికి వీల్లేకుండా" అంది ఆమె.