తీసెయ్యమ్మా

...ఆకంటే ఆకుపచ్చే కదా. మరి ఇదేమిటి, ఇలా ఉంది?

ఎరుపు కాదు. గోధుమరంగూ కాదు. పసిపిల్ల చెవి వెనకనుంచి ఎండ కొడితే లోపల కనబడుతుందే — ఆ రంగు. వెలుగు ఆకు మీద పడుతున్నట్టు లేదు. ఆకులోంచే వస్తున్నట్టుంది. సన్నటి ఈనెలు, అరచేతిలో గీతల్లా. చిగురు సగం విచ్చుకుంది. సగం ఇంకా ముడుచుకునే ఉంది.

ఆ ముడుచుకున్న సగంలో ఏముంటుందో?

వేలు పెట్టి విప్పి చూడాలనిపించింది ఆమెకు. వేలు పెట్టలేదు. కెమెరా పెట్టింది.

క్లిక్.

మొన్నటిదాకా ఈ చెట్టు కట్టెలమోపులా నిలబడి ఉండేది. పార్కు గేటు దాటుతూ ఎన్నిసార్లు చూడలేదు! ఎండిపోయిందేమో, కొట్టేస్తారేమో అనుకునేది. చలి వెళ్లిపోయి గాలి కాస్త మెత్తబడేసరికి, ఎవరూ అడక్కుండానే, కొమ్మ కొమ్మకీ ఈ చెవులు మొలిచాయి.

ఏం వింటున్నాయో...

ఆదివారం పొద్దున్న. స్టూడియోకి సెలవు. "లెన్సు ఎలా పనిచేస్తోందో చూసి తెస్తానండీ" అని యజమానికి చెప్పి పాత కెమెరా అడిగి తెచ్చుకుంది. లెన్సు చూడటానికే వచ్చింది. దూరానివి దగ్గరగా చూపించే లెన్సు. అంతే. ఇంకేం లేదు.

ఇంకేం లేదని ఇన్నిసార్లు చెప్పుకోవడం ఎందుకో, అదీ తెలియదు.

ఆమె పని చేసేది స్టూడియో వెనక గదిలో. ముందు గదిలో యజమాని ఫోటోలు తీస్తాడు. వెనక గదిలో ఆమె తీసేస్తుంది. మచ్చలు తీసేస్తుంది. మొటిమలు తీసేస్తుంది. కళ్ల కింద నలుపు, నుదుటి మీద జిడ్డు మెరుపు, నవ్వితే పడే గీతలు — అన్నీ. తెర మీద ముఖాన్ని పెద్దది చేసి, పెద్దది చేసి, అది ముఖమన్న సంగతే మరిచిపోయేంత పెద్దది చేసి, ఒక్కొక్క చుక్కా తుడుస్తుంది. ముఖాలు నున్నగా బయటికెళతాయి. మనుషులు సంతోషపడి తీసుకుపోతారు.

"మచ్చల డాక్టరు" అని పేరు పెట్టింది వదిన.

"ఏమ్మా మచ్చల డాక్టరూ, ఇవాళ ఎంతమందిని బాగుచేశావ్?" — స్టూడియో మెట్లెక్కుతూనే అరిచేది. ఫ్లాస్కులో టీ తెచ్చేది. ఇద్దరూ తెర ముందు కూర్చుని, ఊళ్లోవాళ్ల ముఖాల మీద జోకులేసుకుంటూ తాగేవాళ్లు. అన్నయ్య పెళ్లి చేసుకుని తెచ్చింది తనకోసమేనేమో అనిపించేది, ఒక్కోసారి.

వదిన రావడం మానేసింది.

చలికాలం నుంచి.

ఉండేది రెండు వీధుల అవతలే.

ఉడుత ఒకటి చెట్టు మొదలుకు తలకిందులుగా అతుక్కుని ఆమెనే చూస్తోంది. తోక మాత్రం వేరే ప్రాణంలా, దాని పాటికది ఊగుతోంది. కింద చీమల బారు. ఎవరి రెక్కో ఒకటి, వాటికన్నా పెద్దది, తెరచాపలా నిలబెట్టి మోసుకుపోతున్నాయి. ఎక్కడికి? గాలొస్తే ఏం చేస్తాయి? ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. గాలొచ్చింది. రెక్క పడింది. చీమలు ఆగాయి... చుట్టూ తిరిగాయి... మళ్లీ ఎత్తాయి.

క్లిక్. క్లిక్.

ఇలాంటివే తీస్తుంది. బెరడు. నీళ్లగొట్టం కింద తడి. బెంచీ మీద ఊడిన రంగు పెచ్చులు.

మనుషులు వద్దు.

లెన్సు దూరానికి తిప్పింది. కంచె పక్కన పొదల వెనకగా ఒక దారి ఉంది. అటు ఎవరూ నడవరు. అటే తిప్పింది ఎందుకో. పొదల సందులోంచి ఒక వీపు కనబడింది. ఎడమ చెయ్యి విసురుగా, కుడి చెయ్యి ఊరికే వేలాడుతూ... ఎప్పటిలాగే, ఎవరితోనో పోట్లాటకు బయలుదేరినట్టుండే నడక.

పోల్చుకోవడానికి లెన్సు అక్కర్లేదు.

వదిన.

చేతులు వాటంతట అవే కెమెరా దించేశాయి. కాళ్లు వాటంతట అవే చెట్టు చాటుకు వెళ్లాయి. తను మాత్రం ఎక్కడుందో, మధ్యలో ఎక్కడో ఉండిపోయింది.

ఆ దారిన వదిన నడుస్తోందని అన్నయ్య చెప్పాడు. ఎప్పుడు చెప్పాడు? మొన్న. అయితే లెన్సు సంగతి...

సర్లే.

చలికాలంలో ఓ పొద్దున వదిన నోరు పుక్కిలిస్తే నీళ్లు పక్కకు పోయాయి. అద్దం చూసుకుంది. ముఖం కుడి సగం నిద్ర లేవలేదు. డాక్టరు నరం వాచిందన్నాడు. మెల్లగా రావచ్చన్నాడు. కొంత వస్తుంది, ఎంతో చెప్పలేమన్నాడు. నవ్వితే ఎడమ పక్క పైకి లేస్తుంది. కుడి పక్క, పిలిస్తే వినబడనట్టు, అలాగే ఉంటుంది. కుడికన్ను దానంతట అది మూసుకోదు. వేలితో మూసుకుంటుంది.

స్టూడియో ముందు అద్దాల బీరువాలో వదిన ఫోటో ఉండేది. పెళ్లయిన కొత్తలోది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఆమె మొట్టమొదట తీసిన మనిషి ఫోటో అదే. యజమానికి నచ్చి బీరువాలో పెట్టాడు, అక్కడే ఉండిపోయింది. వీధిలో వాళ్లు వదినను "అద్దంలో ఆవిడ" అనేవాళ్లు.

ముఖం అలా అయిన కొద్దివారాలకు, యజమాని భోజనానికి వెళ్లిన వేళ చూసి, వదిన వచ్చింది. ఆ రోజు జోకులు లేవు. ఫ్లాస్కూ లేదు.

"నా ఫోటో తీసెయ్యమ్మా" అంది.

'ప' పలకడం కష్టంగా ఉండేది అప్పట్లో. ఫోటో అన్న మాట గాలిలా వచ్చింది. తీసెయ్యమ్మా — అది మాత్రం స్పష్టంగా.

ఆమె ఎందుకని అడగలేదు. ఎందుకడుగుతుంది? రోజూ ఆ నవ్వును చూస్తూ వీధిలో ఎలా నడుస్తుంది పాపం? నేరుగా వెళ్లి, బీరువా తెరిచి, ఫోటో తీసేసింది. తుడిచి, కాగితం చుట్టి, లోపల పెట్టేసింది. అంత సున్నితంగా అర్థం చేసుకున్నందుకు తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా.

వదిన చూసింది. "సర్లే" అంది. వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

అదే ఆమెకు అంతుపట్టంది. అడిగింది చేసింది కదా. చెప్పినట్టే చేసింది కదా! మరి ఎందుకు...? పోనీ తనే వెళ్లి అడగొచ్చు. మొహమాటం. విచిత్రమైన మాట అది. మొహమూ ఉంది, మాటా ఉంది అందులో. రెండూ ఉండి కూడా, ఎవరూ ఎవరి మొహమూ చూడరు, ఎవరూ ఏ మాటా అనరు.

"అమ్మాయ్! ఇదిగో, కెమెరా అమ్మాయ్!"

చెట్టు అవతల బెంచీ మీద ఓ ముసలాయన చెయ్యి ఊపుతున్నాడు. పక్కనే ముసలావిడ, ఒళ్లో సంచీ పెట్టుకుని.

"ఆకుల్ని, చీమల్ని తెగ తీస్తున్నావ్. మేం వాటికన్నా తీసిపోయామా?"

"ఊరుకోండి!" ముసలావిడ ఆయన మోచేతిని పొడిచింది. "ఎవరో ఏమిటో తెలీకుండా."

"తెలుసుకోడానికేముందే. కెమెరా ఉంది, మనం ఉన్నాం. మా ఇద్దరినీ ఓటి తీసెయ్యమ్మా!"

...

"నేను పళ్లు పెట్టుకురాలేదు!" అంటోంది ముసలావిడ.

"నోరు మూసుకుని దిగు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఒక్కసారైనా నోరు మూసుకున్నట్టు రుజువుంటుంది నాకు."

"చూశావా అమ్మా ఈయన నోరు! పోనీలే. తీసెయ్, తీసెయ్. లేకపోతే ఇంటికెళ్లేదాకా సాధిస్తాడు."

తీసెయ్.

ఆమె చేతులు కెమెరాను ఎత్తాయి. కళ్లు ఆ ఇద్దరినీ చూస్తున్నాయి. ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆవిడ చెవి కమ్మ తడుముకుని, నిటారుగా కూర్చుని, రెండు చేతులూ సంచీ మీద పెట్టుకుంది.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

నిటారుగా కూర్చుంది.

వదిన... కూర్చుంది కదా ఆ రోజు?

కూర్చుంది. అవును. ముందు గదిలో, నీలం తెర ముందు, ఫోటో దిగేవాళ్లు కూర్చునే గుండ్రటి స్టూలు మీద. నిటారుగా. చేతులు ఒళ్లో. చెవులకు కమ్మలు — ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోదు. ఇస్త్రీ మడత నలగని బట్టలు. ముఖానికి పౌడరు, కుడి పక్క కాస్త ఎక్కువగా, ఆ చెంపకు స్పర్శ సరిగ్గా తెలియదు కాబట్టి. దీపం వైపు తిరిగి కూర్చుంది. "నా ఫోటో తీసెయ్యమ్మా" అంది.

ఆమె ఆ స్టూలును దాటుకుని వెళ్లి బీరువా తెరిచింది.

దాటుకుని.

మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా.

"అమ్మాయ్, తీశావా? మా ఆవిడకు మెడ పట్టేస్తోంది."

"ఆఁ... తాతగారూ, ఒక్క క్షణం." క్లిక్. "వచ్చింది. బాగా వచ్చింది." చిన్న తెర మీద చూపించింది. ముసలావిడ కళ్లు చికిలించి చూసి, "ఇదెవరు, మా అమ్మా?" అని నవ్వింది, నోరు చేత్తో మూసుకుని. స్టూడియో ఎక్కడుందో చెప్పి, కాపీ అక్కడికొచ్చి తీసుకోమంది ఆమె. ఆ మాటలన్నీ ఎవరో అంటుంటే విన్నట్టుంది.

ఒకటే మాట. కత్తిరించి పారేసేదీ అదే. పట్టుకుని దాచేదీ అదే. పొద్దస్తమానం ఆ మాటతో బతికే మనిషి. ముఖాల్లోంచి ఏదో ఒకటి తీసేయమనే అందరూ అడుగుతారు ఆమెను. ఆ చెవికి ఇంకోలా ఎలా వినబడుతుంది?

అంతేనా?

చెవి మీదికి నెట్టేస్తే సరిపోతుందా... కళ్ల సంగతి? కమ్మలు చూసింది. పౌడరు చూసింది. స్టూలు చూసింది. ముఖం చూసిందా? ఆ రోజు వదిన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. పౌడరు గుర్తొస్తోంది. ముఖం గుర్తు రావడం లేదు. ఎంత లాగినా రావడం లేదు.

చూడలేదు.

చూడకుండా ఉండటానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా. బీరువా కనబడింది.

ఇది కూడా ఒక వింతగానే తోచింది ఆమెకు. చీమలు రెక్క చుట్టూ తిరిగినట్టు, ఆ రోజు చుట్టూ తిరిగి, తిరిగి... ఎక్కడ పట్టుకుని ఎత్తాలో.

కాళ్లు కంచె దారి పట్టాయి. ఈసారి వాటంతట అవి కాదు.

పొదలకు కూడా చిగుళ్లే. తేనెటీగ ఒకటి ముందు ముందు పోతోంది, దారి తెలిసినట్టు. దారి చివర సిమెంటు దిమ్మ మీద వదిన కూర్చుని ఉంది, చెప్పులు విడిచి. కుడికన్ను మీద వేలు పెట్టి, మెల్లగా మూసి, తెరిచింది. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

"ఓహో. మచ్చల డాక్టరుగారు."

మాట కొంచెం బాగుపడినట్టుంది.

"వదినా..."

"నా మూతి వంకరపోయింది, బయటికి రాలేదంటే అర్థముంది. నీకేమైందే? నీదేం పక్కకు పోలేదుగా, ఎందుకు ముఖం చాటేస్తున్నావ్?"

"నువ్వే రావడం లేదు."

"వస్తే ఏం చేస్తావ్? ఇంకేముంది అక్కడ నాది, తీసెయ్యడానికి?"

గాలి ఆగింది. లేదా ఆమె ఆపింది, ఊపిరిని.

చెప్పాలి. నేను ఇలా అనుకున్నాను, నువ్వు అలా అన్నావు, మాట ఒకటే కదా వదినా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. వచ్చి, ఎంత చిన్నదిగా అయిపోయిందంటే, చెప్పుకోవడానికి సిగ్గేసింది. దిమ్మ మీద పక్కనే చోటుంది. కూర్చోలేదు. ఎదురుగా నిలబడింది.

చూసింది.

మొదటిసారి. మచ్చ కోసం కాదు, గీత కోసం కాదు. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంది, ప్రశ్నలా. కుడిది లేవలేదు. రెండూ ఒకే మనిషివి. ఎడమ పక్క కోపంగా ఉంది. కుడి పక్క — ఏమీ చెప్పకుండా, దేన్నీ దాచకుండా, కాస్త విశాలంగా, ఎవరూ అడుగుపెట్టని గదిలా ఉంది. ఇంతకాలం ఇది ఇక్కడే ఉందా? దీన్ని ఎవరైనా చూశారా? తెర మీద అయితే ఏం చేసేదో తెలుసు — ఎడమ సగాన్ని తిప్పి కుడి పక్కన అతికించేది. క్షణాల పని. ఎవరూ కనిపెట్టరు. అక్కడ వదిన కూడా ఉండదు.

"ఏమిటే ఆ చూపు? సంతలో దూడను చూసినట్టు."

"తీయనా వదినా?"

వదిన కెమెరా వంక చూసింది. ఆమె వంక చూసింది. చెయ్యి కుడి చెంప మీదికి పోబోయి, సగంలో ఆగి, ఏం చెయ్యాలో తోచక జుట్టులోకి వెళ్లింది. ఇస్త్రీ లేదు ఇవాళ. కమ్మలు లేవు. చెమట పట్టి ఉంది.

"అప్పట్లో ప్రతిసారీ కళ్లు ఆర్పేస్తానని తిట్టిపోసేదానివి," అంది. "ఇప్పుడా బాధ నీకు సగం తప్పింది."

నవ్విందా? ఒక పక్క నవ్వింది.

"వదినా, తీయనా?"

"అబ్బ! కూర్చోబెట్టి ప్రాణం తీస్తున్నావ్." ముఖం పక్కకు తిప్పేసుకుంది. కంచె అవతలికి, ఎటో చూస్తూ, విసుగ్గానో మరెలాగో — "తీసెయ్" అంది.

తీసెయ్.

కంటికి అడ్డంగా ఉన్న ఆ డబ్బాను తీసెయ్యమనా? తీసుకుని ఇక ఇక్కడినుంచి పొమ్మనా? లేకపోతే...

మాట గాలిలో అలాగే ఉంది. రెండు పక్కలతో.

ఆమె వేలు మీట మీద సగం దాకా దిగింది. కెమెరాలో చిన్న పచ్చ చదరం వెలిగింది. ముఖాన్ని వెతుక్కుంది. ఎడమకంటి దగ్గర ఆగింది. కుడికంటికి దూకింది. మళ్లీ ఎడమకు... ఎటూ తేలక కొట్టుకులాడుతోంది, గాజుసీసాలో పడ్డ మిణుగురులా.

వదిన, ఇంకా కాలేదా అన్నట్టు, ముఖం ఇటు తిప్పింది.

ఎండ ఆ కుడి చెంప వెనకనుంచి వచ్చింది. చెవి వెలిగింది. కదలని ఆ సగం అంచున, ఉందో లేదో తెలియనంత సన్నంగా, ఏదో...

నొక్కింది.