ముడత లేని చొక్కా

ఇస్త్రీ అక్క రోజూ ఉదయం ఆరింటికి కొట్టు తెరిచేది. బల్ల మీద దుప్పటి పరిచి, చిల్లుల మూత సీసాలో నీళ్ళు నింపి, ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ పెట్టెలో బొగ్గులుండవు, దానికి వైరూ లేదు. ప్రార్థనకే కాగేది. పట్టుబట్టకి రెండు ముక్కల ప్రార్థన చాలు. నూలుకి కాస్త పొడుగ్గా చెయ్యాలి. మందపాటి ప్యాంటైతే ఒక కీర్తన కూడా పాడాలి. వీధిలో వాళ్ళకి ఇదంతా అలవాటే. తొందరలో ఉన్నవాళ్ళు, "అక్కా, చిన్న ప్రార్థనతో కానిచ్చెయ్" అనేవారు.

ఏ బట్టకైనా ఆమె అడిగేది ఒక్కటే: "ప్రభువా, దీన్ని తొడుక్కునే మనిషిలో కూడా ముడత లేకుండా చెయ్యి." ఇరవై రెండేళ్ళుగా అదే మాట.

మూడేళ్ళ కిందట ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి, దాన్ని చూసుకునే ఆమె భర్త పోయాడు. తాగి నిద్రపోయాడని మేనేజరు రాసిచ్చాడు. దగ్గుమందు కూడా మొహం చిట్లించి మింగే మనిషి అతను. వాల్వు పాడైందని అతను మూడుసార్లు ఇచ్చిన కాగితాలు ఎక్కడా కనిపించలేదు. అప్పటినుంచి ఆమె, మేనేజరు నాశనమవ్వాలని ఇంట్లో వేరే ప్రార్థన మొదలుపెట్టింది. దానికి జవాబు లేదు. ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు గానీ, అక్కడ కళ్ళు మూసుకుంటే ఒకటే అనుమానం: ఆయన వింటున్నాడా అసలు?

ఆ సోమవారం చివరి విచారణ. ఏడింటికి మేనేజరు డ్రైవరు ఒక తెల్ల చొక్కా తెచ్చాడు.

"ఇంట్లో కరెంటు లేదక్కా. పదింటికి సారు సాక్ష్యం. ఎవరి దగ్గరికి తెచ్చానో ఆయనకి తెలీదు," అని నేల చూస్తూ చెప్పి, టీ తాగడానికి వెళ్ళాడు.

పక్కన గుండీలు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది. "చొక్కా కాదు వదినా, మనిషినే మాడ్చమని అడుగు. ఇన్నాళ్ళకి దేవుడు నీ చేతికిచ్చాడు."

ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, వాడి ఒళ్ళు కాలాలి. వాడి నాలుక పడిపోవాలి. వాడి పెళ్ళాం నాలాగే..." అని ఆగింది. "అదొక్కటీ వద్దు. మిగతావి చెయ్యి."

పెట్టె చల్లగా ఉంది. గొంతు పెంచి మళ్ళీ అడిగింది. చల్లగానే ఉంది.

"నువ్వూ వాడి పక్షమేనా?" అని పెట్టెని బల్లకేసి కొట్టింది. "మూడేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నాను. ఆ రోజు ఒక్క వాల్వు తిప్పలేకపోయావు. అసలున్నావా?"

"అలా అంటే రేపట్నుంచి మన కొట్టు మూతే వదినా," అంది ఆడపడుచు.

"పడితే పడనీ."

డ్రైవరు తిరిగి వస్తున్నాడు. ఆమె విసురుగా చొక్కా పరిచింది. చేతులు ఎరిగిన పని. నీళ్ళు చల్లాయి, కాలరు సాపు చేశాయి, పెట్టె మీద వాలాయి. నోరు కూడా ఎరిగిన మాటే అనేసింది: "ప్రభువా, దీన్ని తొడుక్కునే మనిషిలో కూడా ముడత లేకుండా చెయ్యి."

పెట్టె కాగింది. ఆమె నాలుక కరుచుకుంది, కానీ మాట వెళ్ళిపోయింది. ఏ చొక్కాకీ పట్టనంత ఇస్త్రీ దానికి పట్టింది.

విచారణ గదిలో మేనేజరు కాగితం తీశాడు. "ఆ రోజు బాయిలర్ ఆపరేటరు..." అంటూ వంగి చదవబోయాడు. వీపు వంగలేదు. మాట మెలితిప్పబోయాడు. అదీ తిరగలేదు. రెండుసార్లు కాలరు సవరించుకున్నాడు.

"ఆపరేటరు మెలకువగానే ఉన్నాడు," అన్నాడు. "వాల్వు బాగులేదని మూడుసార్లు రాసిచ్చాడు. మూడూ నేనే చింపేశాను. తాగాడన్నది నేను పుట్టించిందే."

అధికారి అడగనివి కూడా తేదీలతో సహా చెప్పాడు.

పోలీసులు బయటికి తెస్తుంటే ఇస్త్రీ అక్క మెట్ల దగ్గర నిలబడి కళ్ళారా చూసింది. జాలి కలుగుతుందేమోనని కాసేపు ఆగింది కూడా. కలగలేదు. జీపులోకి దూరేటప్పుడు సైతం అతని చొక్కా నలగలేదు.

"క్షమించేశావా ఏంటి వదినా, అలా చూస్తున్నావు?" అంది ఆడపడుచు.

"లేదే. దానికింకా పెట్టె కాగలేదు."