మందుకు పోగులు

అటికమామిడి ఆకు బీపీని తగ్గిస్తుందా లేదా తేల్చడం నా పీహెచ్‌డీ పని. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈసారి తేలకపోతే నా పేరు కొట్టేస్తారు. అందుకే శింగనమల దగ్గర ఒక పల్లెలో, బీపీ కాస్త ఎక్కువగా ఉన్న నలభై మందిని బతిమాలి ఒప్పించి, ప్రతి శనివారం తలా ఒక డబ్బా మాత్రలు ఇస్తున్నాను. సగం డబ్బాల్లో ఆకు సారం, సగంలో ఉత్త పిండి. ఏది ఎవరికి వెళ్లిందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. నిబంధన ప్రకారం ఆ సంగతి మొదటిరోజే అందరికీ విడమరిచి చెప్పాను. అదే నా కొంప ముంచింది.

నెల తిరిగాక ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వెళ్లాను. సుంకన్న ఇంటి అరుగు మీద జనం మూగి ఉన్నారు. మధ్యలో పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద నలభై పోగులు. పొట్టేలు కోసినప్పుడు ముక్కలు ఎలా పంచుతారో అలా, నా మాత్రలు! సుంకన్న భార్య చౌడమ్మ ఒక్కో పోగూ వేలితో సర్దుతోంది.

"ఏం చేస్తున్నారు?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"పంచుకుంటాండాము కృపమ్మా. నాలుగు వారాలుగా ఇట్లనే గదా" అంది చౌడమ్మ తొణక్కుండా. "సగం మందికి మందు, సగం మందికి పిండి అంటివి. ఒకరికి కండ, ఒకరికి ఉత్త బొక్కలు పెట్టి పోగులేస్తారా యాడన్నా? అన్నీ చాటలో పోసి కలిపినాము. ఇప్పుడు అందరికీ అంతో ఇంతో మందు పోతాండాది."

కోపం నషాళానికి అంటింది. "నా ఐదేళ్ల చదువు మీ చాటలో పోసి చెరిగేశారు కదమ్మా!" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది.

సుంకన్న చెంబుతో నీళ్లు తెచ్చాడు. "ఏడ్సాకమ్మా. మేము యాడా చెప్పంలే. నీ నంబర్లు నువ్వు రాసుకోని పో" అన్నాడు.

నిజమే, ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం ఆశ పుట్టింది కూడా. కానీ రేపు ఎవరో నా కాగితం నమ్మి, డాక్టరు రాసిన మాత్రలు మానేస్తే? రిజిస్టరు తీసి, "మందు కలిపి పంచుకున్నారు, ఫలితాలు చెల్లవు" అని రాశాను. అక్కడి నుంచే మా గైడు హరినాథ్ గారికి ఫోన్ చేశాను. ముందు తిట్టారు, తర్వాత నవ్వారు. "ఇంకో మూడు నెలలు ఇప్పిస్తాను, అంతే. వేరే ఊరు చూసుకో" అన్నారు.

ఆ మాట చెప్పగానే చౌడమ్మకు రోషం పొడుచుకొచ్చింది.

"వేరే ఊరోళ్లు మాత్రం పంచుకోరా? బోరులో నీళ్లు చాలకుంటే ఏం చేస్తాము? వంతులేసుకుంటాము. ఒక నెల సగం మందికి మందియ్యి. ఇంకో నెల తిరగెయ్యి. అప్పుడు అందరికీ అందినట్లే గదా!"

ఆ పద్ధతి నా పుస్తకంలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా కొట్టేశాను. పైగా రెండు వంతుల మధ్య మందు ఆపి ఒక నెల విరామం ఇచ్చినా మూడు నెలల్లో ముగుస్తుంది. ఈ ఊరికి వచ్చేటప్పుడు మాత్రం నా బుర్రకు తట్టలేదు.

"ముందు వంతు ఎవరిదో నాకూ తెలియదు, చెప్పలేను" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "మళ్లీ కలిపేయరు కదా?"

"చెప్పాకు. వానకు ఆగి ఆగి ముసలోళ్లమైనాము, ఆగేది మాకు నువ్వు నేర్పల్లనా? వంతు వస్తాదంటే ఎన్నాళ్లయినా ఆగుతాము. ఎప్పటికీ రాదంటేనే పోగులేసేది."