ఎనిమిది గంటల మాట

నేను ఒక మిరపకాయలు ఆరబెట్టే యంత్రాన్ని. పేరుకి యంత్రం గానీ, నిజానికి ఒక రేకు పెట్టె, లోపల పన్నెండు జల్లెడ అరలు, వెనకాల ఒక హీటరు, ఒక ఫ్యాను. ప్రస్తుతం హైదరాబాదులో ఒక భవనం పన్నెండో అంతస్తులో, ఎర్ర తాడు వెనకాల నిలబడి ఉన్నాను. పక్కన ‘ఇక్కడే మొదలైంది’ అని బోర్డు. ఏం మొదలైంది, ఎలా ముగిసింది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నిలబడీ నిలబడీ విసుగు పుట్టింది కనక నేనే చెబుతాను.

నన్ను తయారు చేసింది బాలానగర్‌లో ఖాజా భాయ్ షెడ్డులో. చేయించింది సౌదామిని. ఖమ్మం పిల్ల, ఇంజనీరు, మంచి ఉద్యోగం మానేసి ఈ పని నెత్తికెత్తుకుంది. కోసిన పండుమిరప కల్లంలో ఆరాలంటే పది పన్నెండు రోజులు కావాలి. ఆలోపు వాన పడిందా, కాయ తెల్లబోయి తాలు అవుతుంది, మార్కెట్లో దాని మొహం చూసేవాడుండడు. చిన్నప్పటి నుంచీ ఇది చూసిన మనిషి. నాలుగుసార్లు నన్ను విప్పించి నాలుగుసార్లు బిగింపించింది. “ఇది మిషనా మేడమ్, టైలర్ దగ్గరి జాకెట్టా?” అని ఖాజా భాయ్ విసుక్కున్నాడు. ఐదోసారి మాత్రం తనంతట తానే విప్పాడు.

చివరికి ఇరవై గంటలకి కుదిరాను. రెండు బస్తాల పండుకాయ పెడితే, ఇరవై గంటల తరవాత రంగు చెడకుండా గలగలలాడుతూ బయటికొచ్చేది. అంతకంటే వేడి పెంచితే కాయ నల్లబడేది. నేనేం చెయ్యను, మిరపకాయ స్వభావం అది.

మొదట నాగరత్తమ్మ ఇంటి ముందు చేరాను. ఖమ్మం దగ్గర రెండెకరాలు కౌలుకి చేసుకునే మనిషి. భర్త లేడు, ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. రోజూ నాకు పట్టినంత కాయే కోసి, నాలో పెట్టి, పక్కనే మంచం వేసుకుని కూర్చునేది. రెండు సీజన్లు ఆమె కాయ ఒక్కటి కూడా తాలు కాలేదు. దసరాకి నాకు బొట్టు పెట్టింది. నా జన్మలో సుఖపడ్డానంటే ఆ రెండేళ్లే.

ఇలాంటివి ఇంకా చెయ్యాలంటే డబ్బు కావాలి. బ్యాంకుకి వెళితే తాకట్టు పెట్టమంది, సౌదామినికి పెట్టడానికేమీ లేదు. అప్పుడు కిరీటి గారు దొరికారు. ఆయనది వెంచర్ క్యాపిటల్. అంటే అప్పు కాదు, కంపెనీలో వాటా తీసుకుని డబ్బు పెడతారు. తిరిగి ఇమ్మని అడగరు, పెరగమని అడుగుతారు. ఏది ఎక్కువ కష్టమో నాకు ఇప్పటికీ తేలలేదు. కిరీటి గారు మాత్రం మర్యాదస్థుడు, టీ తెచ్చినవాడికి కూడా థాంక్స్ చెబుతాడు.

“ఇరవై గంటలంటే కష్టం సౌదామినీ. ఎనిమిది గంటలైతే రోజుకి మూడు విడతలు. అప్పుడు మావాళ్లకి నేను గట్టిగా చెప్పగలను” అన్నాడాయన. పది రోజుల్లో ఆయన ఆఫీసులో వాళ్లందరి ముందూ నడిపి చూపించాలి.

సౌదామిని ఊరొచ్చింది. “పెద్దమ్మా, నువ్వు సగం ఆరబెట్టిన కాయ నాకు కావాలె. పట్నమోళ్లకి చూపియ్యాలె, ఒక్కసారికే.”

“నీ పని అయితదంటే సరే బిడ్డా” అని నాగరత్తమ్మ పన్నెండు గంటలు ఆరబెట్టి, ఆ కాయతో సహా నన్ను వ్యానెక్కించింది. ఆ కాయలనే, అప్పుడే కోసినవని చెప్పి, పొద్దున అందరి ముందూ నాలో పెట్టారు. సాయంత్రానికి ఎర్రగా, గలగలలాడుతూ వచ్చాయి. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం సిగ్గేసింది.

డబ్బు వచ్చింది. నేను మళ్లీ ఊరు చేరాను గానీ, మధ్య మధ్యలో నన్ను మీటింగులకి తీసుకెళ్లేవారు. మొదట్లో ‘ఎనిమిది గంటలు’ అనే ముందు సౌదామిని గుక్కెడు నీళ్లు తాగేది. నెల తిరిగేసరికి నీళ్లు మానేసింది. మూడో నెలకి తనే నమ్మింది. హీటరు పెద్దది పెడితే అదే కుదురుతుందని, ఒక్క సీజను కూడా పరీక్షించకుండా వంద మిషన్లు చేయించింది. ఆలస్యమైతే తరవాతి పెట్టుబడి రాదట.

నన్ను కంపెనీ ఆఫీసులో అలంకారానికి పెడదామని ఒకరోజు సౌదామిని లారీతో వచ్చింది, నా బదులు కొత్త మిషను దింపించింది.

“పాతదే మంచిగుంది బిడ్డా. అలవాటైంది.”

“కొత్తది ఎనిమిది గంటలల్ల ఆరబెడ్తది పెద్దమ్మా. అందరికన్న ముందు నీకే ఇస్తున్న.”

నాగరత్తమ్మ నా తలుపు చెంగుతో తుడిచి, సరేనంది.

తరవాతి సంగతి ఆఫీసులో నిలబడి విన్నాను. ఎనిమిది గంటలే కదా అని ఆమె చేనంతా ఒకేసారి కోయించింది. మిషన్లో పెట్టిన కాయ నల్లబడింది. బయట వంతు కోసం ఆగిన కాయ వానకి తడిసింది. మూడో రోజు ఆమె బస్సెక్కి వచ్చి, సంచిలోని నల్లకాయలు సౌదామిని ముందు గాజు బల్ల మీద పోసింది. ఎవరి మీదా అరవలేదు.

“ఆ దినం సగం ఆరబెట్టి పంపింది నేనే గదా. వాళ్లకి అబద్ధం చెప్తున్నవనుకున్న. నాక్కూడ చెప్తవనుకోలే బిడ్డా” అంది. “నా పాత మిషను నాకియ్యి.”

నన్ను ఇచ్చే అధికారం సౌదామినికి ఇప్పుడు లేదు. ఆఫీసులో కుర్చీ కదపాలన్నా డబ్బు పెట్టినవాళ్లు కూర్చునే బోర్డు ఒప్పుకోవాలి. “అడిగి ఇప్పిస్త” అంది. నాగరత్తమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే, తరవాతి పెట్టుబడి పెట్టాల్సిన పెద్ద ఫండ్ వాళ్లతో మీటింగు. “ఇది ఒక్కటి దాటించు. డబ్బు రాగానే రైతులకి నష్టపరిహారం ఇచ్చేద్దాం” అన్నాడు కిరీటి గారు. “నాకు ఇరవై కంపెనీలున్నాయి. ఒక్కటి నిలబడితే చాలు. అది నీదే కావాలని నా ఆశ.”

“ఆ పెద్దమ్మకి ఉన్నది ఒక్క చేనే సర్” అంది సౌదామిని.

మీటింగులో వాళ్లు ఎన్ని గంటలని అడిగారు. “ఇరవై. ఎనిమిదన్నది అబద్ధం. ఆ అబద్ధం నేనే చెప్పాను” అంది. వాళ్లు కాఫీ కూడా పూర్తి చెయ్యకుండా లేచారు. నేను పుట్టాక ఆమె మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. రెండు నెలల్లో కంపెనీ మూతపడింది.

కిరీటి గారికి కోపం రాలేదు. ఆయనకి ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. “నీలాంటి నిజాయితీపరులు అరుదు. ఇంకో ఐడియాతో రా, మొదటి డబ్బు నాదే” అన్నాడు.

“ముందు ఆ మిషను ఇవ్వండి సర్.”

ఆయన హాస్యమనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదని గమనించి, లాయర్లతో మాట్లాడతానన్నాడు. మూతపడిన కంపెనీ సామాను, కాగితాల లెక్క తేలేదాకా ఎవరికీ ఇవ్వకూడదట. అందాకా నన్ను తన ఆఫీసుకి తెప్పించి ఈ తాడు కట్టించాడు. సౌదామిని నెలకోసారి వచ్చి అడుగుతుంది. కుర్రవాళ్లని తీసుకొచ్చి, ఓటమి నుంచి నేర్చుకోవడమెలాగో ఆయన నన్ను చూపించి చెబుతుంటాడు.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. అక్కడ కోతలు మొదలై ఉంటాయి, నాగరత్తమ్మ కల్లంలో కాయ పోసి ఉంటుంది. ఇందాకటి నుంచి కిటికీ అద్దం అవతల మబ్బు కమ్ముకొస్తోంది. “వెదర్ భలే ఉంది కదా!” అంటూ ఒకమ్మాయి తాడు దాటి వచ్చి, నా తలుపుకి ఆనుకుని ఫొటో దిగింది.